అటకకు అందని పొగ

“సూడత్తా. ఈ ఆనపకాయ బుర్రలో ఉన్నాది గింజా, పిండా?” అంది కోడలు.

“పిండైతే ఏటి? కందిపిండి తినరేటి జనం?” అన్నాను.

“తింతారు. పండక్కి పట్టుకెల్లరు. రేపు పొద్దున్న ఊరంతా దేవుడి ముందర గింజలు పోత్తాది. నువ్వేటి పోత్తావు?”

“మూత సరిగ్గా బిగించకపోతే పిండే అవుతాది మరి.”

“మూత బిగించింది నువ్వు. పేడ మెత్తింది నువ్వు. అటక మీదికెక్కించి, ఇంక దీని మీద సెయ్యెయ్యకే అని సెప్పింది నువ్వు. నా సెయ్యి ఎక్కడ పడింది?”

“నీ సెయ్యి పడకపోతే పురుగెలగొచ్చింది? నడిసొచ్చిందా?”

“నడిసే వచ్చింది. నువ్వు పొగ ఆపీసినావు. దారి సుబ్బరంగా ఉన్నాదని వచ్చీసింది.”

జవాబు లేని చోట నేను గొంతు పెంచుతాను. ఇంట్లో అందరికీ అలవాటైన సంగతే. ఇల్లు సరిగ్గా ఊడవని కోడళ్ల గురించి, మా కాలంలో అటకలు ఎంత శుభ్రంగా ఉండేవో దాని గురించి కొంతసేపు గట్టిగా మాట్లాడాను. కోడలు వినలేదు. ఎండు ఆనపకాయ బుర్రను చేట మీద బోర్లించి తట్టింది. ముందు తెల్లటి పొడి జారింది. దాని వెనక చిల్లులు పడ్డ కందులు, వాటి వెనక గోధుమరంగు పురుగులు. పురుగులు మాత్రం ఆరోగ్యంగా ఉన్నాయి. చేట అంచెక్కి, సంతకు ఆలస్యమైపోతున్నట్టు తలో దిక్కుకూ నడిచాయి.

మర్నాడు ఇటుకల పండుగ. వానలకు ముందు మా కొండల్లో చేసుకునే విత్తనాల పండుగ అది. ప్రతి ఇంటి ఆడమనిషీ తాను దాచిన విత్తనాల్లోంచి రకానికి కొంచెం బుట్టలో పెట్టుకుని దేవుడి గుడిసె దగ్గరికి తెస్తుంది. చోళ్లనే రాగులు, సామలు, కందులు, మొక్కజొన్న, ఎవరింట్లో ఏది ఉంటే అది. పూజారి అన్నింటినీ ఒక్కచోట పోసి, కలిపి, పూజ చేసి, మళ్లీ ఇంటింటికీ పంచుతాడు. ఆ పంచిన గింజను మన విత్తనంలో కలుపుకుని చల్లుకుంటాం. అంటే నా ఇంటి గింజ ఊరందరి పొలంలోనూ మొలుస్తుంది, ఊరందరి గింజా నా పొలంలో మొలుస్తుంది. పుచ్చు గింజ తెచ్చి పోస్తే పురుగు కూడా ఇంటింటికీ వెళుతుంది. ఉత్త బుట్టతో వెళితే, ఫలానా ఇంటి ఆడది విత్తనం నిలబెట్టుకోలేకపోయిందని ఊరందరికీ తెలుస్తుంది.

ఆ ఫలానా ఇల్లు మాది కాకుండా ఇంకెవరిదైనా అయితే నాకంత బాధ ఉండేది కాదు. నిజం చెప్పాలంటే నాలుగు మాటలు అనడానికి నేనే ముందుండేదాన్ని. మా కంది వేరు. గింజ చిన్నది, ఎర్రగా ఉంటుంది, ఏటవాలు నేలలో రాళ్ల మధ్య కూడా పండుతుంది. మా అత్తకు వాళ్ల అత్త ఇచ్చింది. విత్తనం పోగొట్టుకున్న ప్రతి ఇల్లూ మా గుమ్మానికే వచ్చేది. నేను కొలిచి ఇచ్చేదాన్ని, ఇస్తూ తిట్టేదాన్ని. విత్తనం ఉన్న ఇంటికి గొంతు ఉంటుంది. అది పోయాక ఒట్టి గొంతు ఎవరికి కావాలి?

ఇంతకీ పొగ ఎందుకు ఆపానో చెప్పాలి. చెబితే నవ్వుతారు. కోడలు నవ్వితే ఒప్పుకోను గాని, మీరు దూరంగా ఉన్నారు కాబట్టి ఫర్వాలేదు.

మాది అరకు లోయలో రోడ్డు వదిలేసి కొండెక్కితే వచ్చే ఊరు. ఇంట్లో నేను, కొడుకు, కోడలు. మా వాడు ఘాట్ రోడ్డు మీద జీపు నడుపుతాడు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. మనవరాలు విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దాని ముఖం చూసుకోవడానికని నాకూ ఒక ఫోను తెచ్చారు. నేను వద్దన్నాను. ఫోను మీద కోపంతో కాదు, అది రోజూ కరెంటు తాగుతుందని విన్నాను గనక. మేకకైతే ఆకు వేస్తే పాలిస్తుంది. దీనికి కరెంటు పెడితే ఏమిస్తుందని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. అయినా తెచ్చారు.

మా ఇంట్లో సిగ్నల్ రాదు. ఇంటి వెనక కాఫీ మొక్కల్లో ఒక సిల్వరోక్ చెట్టు ఉంది, దాని మొదట్లో రాయి ఉంది, ఆ రాయి మీద కూర్చుంటే వస్తుంది. ఒకరోజు అక్కడ కూర్చుని మనవరాలి కోసం నొక్కబోయి ఇంకేదో నొక్కాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఫోనులోకి వచ్చి, మీ ఇంట్లో మీకు తెలియకుండానే కరెంటు వృథా అవుతోంది అన్నాడు. నాకు తెలియకుండా నా ఇంట్లో చీమ కూడా బెల్లం ముట్టదు. అలాంటిది ఎవరో ఊరూ పేరూ తెలియనాయన అంత మాట అంటే లేచి ఎలా వస్తాను? ఆయన చెప్పిందంతా విన్నాను. ఆయన తర్వాత ఇంకొకాయన వచ్చాడు, ఆయనదీ విన్నాను. పొద్దు వాలిపోయింది. మనవరాలికి ఫోను చేయడం మరిచిపోయాను.

ఆ రోజు నుంచి రాయి మీద నా బడి మొదలైంది. చిన్నప్పుడు నేను బడికి వెళ్లింది తక్కువ. అక్షరాలు పట్టుబడేసరికి ఇంట్లో మేకలు కాయడానికి మనిషి కావలసి వచ్చింది. ఇప్పుడు ఈ బడిలో మాత్రం ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. ఏసీ ఎంత చల్లగా పెట్టుకోవాలి, గీజరు ఎప్పుడు కట్టేయాలి, ఫ్రిజ్‌ను గోడకు ఎంత దూరంలో ఉంచాలి, వాషింగ్ మెషీన్ నిండా బట్టలు వేయాలా సగం వేయాలా, అన్నీ నేర్చుకున్నాను. మా ఇంట్లో ఉన్నవి బల్బులు, ఒక టీవీ, ఫోను ఛార్జర్లు. ఫ్యాను కూడా ఒకటుంది, మా వాడు ఎందుకు కొన్నాడో వాడికే తెలియాలి. మా చలిలో దాని రెక్కల మీద తిరిగేది సాలీడే. పైగా మా కొండ ఇళ్లకు కొంతవరకు కరెంటు ఉచితం, ఆ కొంతలో కూడా మేం వాడేది కొంతే. బిల్లు రాని ఇంట్లో బిల్లు తగ్గించే విద్య నేర్చుకున్న ముసలిదాన్ని నేను.

ఆ సలహాలు ఎవరి కోసం చెబుతారో వాళ్లు చూడరు. ఇది నేను కనిపెట్టిన సంగతి. లోయలో టూరిస్టుల కోసం కట్టిన రిసార్టుల్లో మిట్టమధ్యాహ్నం కూడా దీపాలు వెలుగుతుంటాయి. అక్కడ గదులు ఊడ్చే అమ్మాయి మా ఊరిదే. మీ యజమాని ఈ వీడియోలు చూస్తాడా అని అడిగాను. అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. మనవరాలిని అడిగాను. “ఎవులు సూత్తారు మామ్మా అయ్యన్నీ” అంది. ఎవరు చూస్తారంటే, నేను చూస్తాను. ఫ్రిజ్ లేనిదాన్ని, గీజరు లేనిదాన్ని, ఏసీ అంటే దాని గాలి మంచు పడ్డ పొద్దు కంటే చల్లగా ఉంటుందా అని సందేహం ఉన్నదాన్ని.

నేర్చుకున్న విద్య ఊరికే ఉండదు కదా. ఛార్జరు పెట్టి వదిలేస్తే కరెంటు పోతుందన్నారని, గోడకు ఛార్జరు కనిపిస్తే చాలు పీకేసేదాన్ని. దాని చివర ఫోను ఉందా లేదా చూసేదాన్ని కాదు. మా వాడు పొద్దున్నే జీపు తీసి, ఫోను చూసి, అది చచ్చిపోయి ఉంటే, నా వైపు చూసేవాడు. రోడ్డు మీద టీకొట్టులో ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ వెనక దుమ్ము పేరుకుంటే కరెంటు ఎక్కువ లాగుతుందని విన్నాను. నాకు ఫ్రిజ్ లేదు కాబట్టి వాళ్లది తుడిచాను. కొట్టాయన మంచివాడు. టీ ఇచ్చి, డబ్బు తీసుకోకుండా, ఇంకెప్పుడూ బల్ల ఇవతలికి రావద్దని మర్యాదగా చెప్పాడు.

ఇంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లు. ఫోను ఒకరోజు నాకు పొయ్యి చూపించింది.

ఈసారి వచ్చింది ఒక అమ్మాయి, నూలు చీర కట్టుకుంది, చూడగానే పనిమంతురాలనిపించింది. మూడు రాళ్ల పొయ్యి మీద వండితే గిన్నెకు తగిలే వేడి కొంచెమేనట. మిగతాదంతా పక్కలకూ పైకీ పోతుందట. నాకు ఆ రాయి మీద కూర్చోబుద్ధి కాలేదు. అంటే పెళ్లయి వచ్చిన రోజు నుంచి నేను మనుషులకంటే ఎక్కువగా ఇంటికప్పుకు వండి పెట్టానన్నమాట. కప్పు ఒక్కసారైనా బాగుందని అనలేదు.

కట్టె మాకు ఊరికే రాదు. కొండెక్కి ఏరాలి, కట్టాలి, నెత్తిన పెట్టుకుని దిగాలి. నా మెడ ఆ మోతలోనే అరిగింది. ఇప్పుడు కోడలి మెడ అరుగుతోంది. కాబట్టి ఆ అమ్మాయి చెప్పిన పొయ్యి కట్టడానికి నేను పూనుకోవడం ఒట్టి పిచ్చి కాదు. ఈ ఒక్క మాట నా తరఫున రాసుకుంటున్నాను, ఇక ముందు రాయడానికి ఏమీ దొరకదు గనక.

పుట్టమన్ను తెచ్చాను. ఊక, పేడ కలిపి తొక్కాను. అన్ని వైపులా మూసిన పొయ్యి, పైన గిన్నెలకు కన్నాలు, వెనక నుంచి గోడ బయటికి ఒక రేకు గొట్టం. గొట్టం మా వాడు జీపు మీద కట్టుకుని తెచ్చాడు. వంటింట్లో సిగ్నల్ రాదు కాబట్టి చెట్టు దగ్గరికి వెళ్లి కొంచెం చూసి, మరిచిపోకుండా పరిగెత్తుకొచ్చి కొంచెం కట్టి, మళ్లీ వెళ్లి చూసేదాన్ని. వీడియోలో ఆ అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ కట్టేసింది. నాకు ఈ సంత నుంచి వచ్చే సంత దాకా పట్టింది. పొయ్యి అయ్యాక, వేడి బయటికి పోకుండా చూరు కింద సందులు కూడా మూయమంది. పాత చీరలు కుక్కి, పైన మట్టి మెత్తాను. చలికాలం నడుమ, వంటిల్లు కోళ్లగూడులాగా వెచ్చగా తయారైంది.

పొగ లేదు. కళ్లు మండలేదు. కట్టెల మోపు ఎప్పటికంటే నిదానంగా తరిగింది. కోడలు మెచ్చుకోలేదు గాని, వంట చేస్తూ కొంగుతో కళ్లు తుడుచుకోవడం మానేసింది. మా ఇంట్లో అది పెద్ద మెప్పే. నేను ఊరంతా పిలిచి చూపించాను. అందరూ వచ్చారు, టీ తాగారు, పొయ్యి చుట్టూ తిరిగారు, వెళ్లిపోయారు. ఒక్కరూ కట్టుకోలేదు. మా తోటికోడలిది ఎదురిల్లు. దాని వంటింటి పొగ కొండ కిందికి కనిపిస్తుంది. దాన్ని కూర్చోబెట్టి, వేడి ఎటు పోతుందో, కట్టె ఎలా మిగులుతుందో ఆ అమ్మాయి చెప్పిన దానికి ఇంకా కొంచెం కలిపి చెప్పాను. “బాగున్నాదక్కా. వచ్చే యేడు కట్టుకుంతాను” అంది. అది ప్రతి పనీ వచ్చే యేడు చేస్తుంది. నాకు ఒళ్లు మండింది. మా తోటికోడలు ఇప్పటికీ ఇంటికప్పుకు వండి పెడుతోందని సంతలో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

ఇప్పుడు అటక సంగతి. మా ఇళ్లలో పొయ్యికి సరిగ్గా పైన వెదురు అటక ఉంటుంది. విత్తనమంతా దాని మీదే. ఆనపకాయ బుర్రల్లో పోసి, మూతి పేడతో మూసి కందులు, అడ్డాకుల మూటల్లో చిక్కుళ్లు, వాసాలకు వేలాడదీసిన మొక్కజొన్న పొత్తులు. కింద పొయ్యి మండినన్నాళ్లూ పొగ వాటికి తగులుతూ ఉంటుంది. పొగ పట్టిన గింజ జోలికి పురుగు రాదు. ఇది మా కొండ మీద పాలు మానిన ప్రతి పిల్లకూ తెలుసు. నాకు మా అత్త చెప్పింది. నేను కోడలికి చెప్పాను. ఎంత చెప్పానంటే, నేను పక్కన లేనప్పుడు అది నా గొంతు పెట్టి ఆ మాటలే అని చుట్టుపక్కల వాళ్లను నవ్విస్తుందట.

అంత తెలిసిన మనిషిని, సరిగ్గా ఆ అటక కింద నిలబడి, పొగ పైకి పోకుండా గొట్టం బిగించాను. చేతుల్లో మట్టి, నెత్తి మీద విత్తనం. ఒక్కసారి తలెత్తి చూడలేదు. వీడియోలో అమ్మాయి వంటింటికి అటక లేదు, అందుకని ఆమె అటక మాట ఎత్తలేదు. ఆమెకు లేనిది ఆమె చెప్పలేదు, నాకున్నది నేను చూడలేదు. పొగంతా గొట్టంలోంచి వెళ్లి కాఫీ మొక్కల మీద పడేది. అటకకు మాత్రం వెచ్చదనం అందేది, చూరు సందులు మూశాను గనక చలిగాలి కూడా తగిలేది కాదు. పురుగు పురుడు పోసుకోవడానికి ఇంతకంటే మంచి గది చింతపల్లి దాకా వెతికినా దొరకదు.

చలి తగ్గేసరికి అంబలి గిన్నెల్లో సన్నటి తెల్లపొడి పడటం మొదలైంది. కోడలు పైకి చూపించింది. సున్నం రాలుతోందన్నాను. మా వంటింటికి ఏ కాలంలోనూ సున్నం వేయలేదు. అది గిన్నెల మీద మూతలు పెట్టింది. కొన్నాళ్లకు మళ్లీ చూపించింది. ఈసారి, పైన ఊడవకపోతే ఇలాగే ఉంటుందని తిట్టాను. ఊడుస్తానని నిచ్చెన వేస్తే, విత్తనం మీద చెయ్యి వెయ్యకని దింపేశాను.

పండుగ ముందు రోజు సాయంత్రం బుట్ట సిద్ధం చేయడానికి బుర్రలు దించాం. ఆ తర్వాత జరిగినది మొదట్లోనే చెప్పాను.

ఒక బుర్ర అయ్యాక ఇంకొకటి కొట్టాం, అదీ అంతే. పొత్తులు దించితే గింజల్లో కన్నాలు. చోళ్లకు ఏమీ కాలేదు. చోడిగింజ మొండిది, పురుగు కూడా దాన్ని వదిలేసి పక్కదారిన పోతుంది. ఇంట్లో నన్ను దేనితో పోలుస్తారో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కోడలు చేట ముందు కూర్చుని బాగున్న గింజలు ఏరడం మొదలుపెట్టింది. నేను ఫోను తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్లాను. ఆ నూలు చీర అమ్మాయి పొయ్యి వీడియో కింద, మాట్లాడితే రాసే గుర్తు నొక్కి అడిగాను. అమ్మా, నువ్వు చెప్పినట్టే కట్టాను, పొగ పోయింది, ఇప్పుడు అటక మీద విత్తనాలకు ఏం చేయాలి అని. రాయి మీద కూర్చుని జవాబు కోసం చూశాను. చీకటి పడబోతోంది. జవాబు రాలేదు. ఎక్కడుందో, ఏ పనిలో ఉందో, పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఫోను మాత్రం ఖాళీగా ఉండలేక ఇంకో వీడియో పెట్టింది. ఫ్రిజ్ తలుపు రబ్బరు బాగుందో లేదో తెలుసుకోవాలంటే తలుపులో కాగితం పెట్టి లాగి చూడాలట. విత్తనం పోయి, పరువు పోబోతూ, ఇంట్లో కోడలు గింజలేరుతుండగా, నేను దాన్ని చివరిదాకా చూశాను.

తిరిగి వచ్చి చేట పక్కన నిలబడ్డాను. దారిలో నాకొక ఆలోచన వచ్చింది. నా ఆలోచనలు ఎప్పుడూ పొదుపు వైపే నడుస్తాయి.

“పుచ్చుయి అడుగున పోసి, మంచియి పైన పోద్దాం. బుట్ట నిండుగా ఉంతాది. పూజారికి సూపానదు” అన్నాను.

కోడలు తలెత్తలేదు. “పూజారికి ఆనదు. పురుక్కి ఆన్తాది. ఊరందరి బుట్టల్లోకీ ఎల్లిపోతాది.”

“ఊల్లో అందరిల్లలోనా పొగుంది. సచ్చిపోతాది.”

“సావకపోతే? మనింటి కందులని ముందర అదే తీసి దాసుకుంతారు అత్తా. రేపు మొలక రాకపోతే ఎవుల్ని అడుగుతారు?”

నేను ఇంకేదో అనబోయాను. అప్పుడు అది చేతిలో గింజలు చేటలో వదిలేసి నా వైపు తిరిగింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు బాగుండేది, కోపానికి నా దగ్గర సరుకు ఉంటుంది.

“పొగే కాపలా అని నాకు సెప్పింది నువ్వు. నువ్వు సెప్పినావని నాను నమ్మినాను. పొయ్యి కట్టినప్పుడు కూడా, ఇత్తనాల సంగతి అత్తకి తెలీదేటి, ఏదో సూసుకునే ఉంతాదిలే అనుకున్నాను. నాను అడగనేదు. నువ్వు సూసుకోనేదు.”

అంతే అంది. మళ్లీ ఏరుకోవడంలో పడింది.

నేనూ చేట పక్కన కూర్చుని ఏరాను. నా కళ్లకు చిల్లు కనిపించదు. నేను మంచివనుకుని వేసిన గింజల్లోంచి కోడలు చిల్లువి తీసి పక్కన పెడుతూ వచ్చింది. నన్ను లేవమని మాత్రం అనలేదు. బుర్రలన్నీ అయ్యేసరికి కందులు గుప్పెడు మిగిలాయి. మా అత్త నాకు ఇచ్చింది కూడా గుప్పెడేనేమో, నాకు గుర్తులేదు. గుర్తుంటే ఆ మాట చెప్పి ధైర్యం తెచ్చుకునేదాన్ని.

తెల్లవారాక బుట్టలో చోళ్లు పోసి, ఒక పక్కన ఆకులో ఆ గుప్పెడు కందులు పెట్టుకుని దేవుడి గుడిసె దగ్గరికి వెళ్లాను. ఏటా వరసలో ముందు నిలబడేదాన్ని. ఆ రోజు నడుమన దూరాను. అక్కడ నిలబడితే కనపడనని ఎందుకనుకున్నానో తెలియదు, మా ఊళ్లో నాకంటే పొడుగు ఆడది లేదు. నా వెనక తోటికోడలు నిలబడింది. దాని బుట్ట నిండా ఉంది. పొగ వాసన నాకు వస్తూనే ఉంది.

నా వంతు వచ్చింది. చోళ్లు పోశాను. ఆకు విప్పి కందులు పోశాను. పూజారి ఇంకా వస్తాయేమోనని చెయ్యి చాచి ఆగాడు.

“ఇంతేనా? మీ ఇంటి కందులు ఇయ్యేనా?”

“ఇయ్యే. పొగ రాని పొయ్యి కట్టినాను. పురుగు తినీసింది” అన్నాను. వరస చివరిదాకా వినిపించేలా అన్నాను. నాకు మెల్లగా చెప్పడం చేతకాదు.

వెనక నుంచి తోటికోడలు, “అందుకేనక్కా, నాను వచ్చే యేడు కడతానన్నాను” అంది. వరసంతా నవ్వింది. పూజారి కూడా నవ్వాడు. సంతలో దాని గురించి నేను అన్న మాటలు దానికి ఎప్పుడో చేరి ఉంటాయి, అయినా అంతకు మించి అనలేదు. దాని బుట్ట పోస్తుంటే చూశాను. చిన్నవి, ఎర్రవి, మా కందులే. ఏ యేటిదో పంచిన గింజ. దాని వెనక నిలబడ్డ ఆవిడ బుట్టలోనూ అవే ఉన్నాయి. ఆ ఇళ్లలో ఒక్కరు నా మాట విని పొయ్యి మార్చినా వాళ్లవీ పోయేవి. నా మాట ఎవరూ లెక్కచేయరని ఎన్నో ఏళ్లు ఏడ్చాను. ఆ పొద్దున్న మాత్రం, లెక్కచేయనందుకు వాళ్లందరికీ మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

పూజారి కలిపి, పూజ చేసి పంచాడు. అందరికీ ఎంతో నాకూ అంతే పోశాడు. ఆకులో మూట కట్టుకుని ఇంటికి వచ్చాను.

కోడలు కొత్త పొయ్యి మీద అంబలి కాస్తోంది. దాని పక్కనే, అటక కింద, బయట పారేసిన పాత రాళ్లు మూడూ తెచ్చి పెట్టి, పచ్చికట్టె అంటించింది. చూరు కింద నేను కుక్కిన చీరపేలికలు లాగేసి ఒక మూల కుప్ప వేసింది. వంటింటి నిండా పొగ. రెండు పొయ్యిలు మండితే కట్టె రెండింతలు అవుతుందని, ఇంతకంటే మునుపటి మూడు రాళ్ల పొయ్యే నయమని అన్నాను.

“అవునత్తా” అంది. కట్టె ఇంకొంచెం లోపలికి తోసింది.

నిచ్చెన వేసుకుని ఎక్కి మూటను అటక మీద పెట్టాను. కళ్లు మండాయి. దిగి, ముఖం కడుక్కుని, అంబలి తాగాను.